తెరుచుకోని మూడో రంగం

ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఏ బస్సెక్కినా ఇద్దరు జావా గురించి మాట్లాడుకుంటుంటే, మూడోవాడు తను ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే బాగుంటుందో వాళ్లని అడుగుతూ కనిపించేవాడు. బీకాం పూర్తయిన నేనూ ఆ గాలికి కొట్టుకుపోయి అమీర్‌పేటలో ఓ కోర్సులో చేరాను. ఆ పుణ్యాన కార్ఖానా ఏరియాలో మా వీధి మొత్తానికి కంప్యూటరు పండితురాలినైపోయాను. ఎవరింట్లో టీవీ బొమ్మ గంతులేసినా నన్నే పిలిచేవారు. (వెళ్లి, దాని నెత్తిమీద రెండు తట్టి, "కేబుల్ వాడిని పిలవండి ఆంటీ" అని గంభీరంగా చెప్పి వచ్చేసేదాన్ని.) ఇంటర్వ్యూలు మాత్రం వరసగా పోతూనే ఉన్నాయి. "కోర్సు మీద కోర్సు చేస్తావు, పని మాత్రం ఏటీ రాదు" అని అమ్మ పోపు వేస్తూ అనేది. పోపు చిటపటల్లో నేను వినలేదనుకునేది.

నాన్నకి నాటకాల పిచ్చి. విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగానికి ఇక్కడికొచ్చినా ఆ పిచ్చిని మాత్రం వదల్లేదు. ఆ ఏడు ఉగాదికి మౌలాలి రైల్వే కాలనీలో వేయడానికి ఓ నాటకం రాసి, రెండే రెండు వేళ్లతో చలికాలమంతా మా ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించారు. మొదటి రెండు రంగాలూ అచ్చుతీసి నటులకిచ్చారు. మూడోది మాత్రం ఎవరికీ చూపించలేదు. కారణం మా పై వాటాలో ఉండే ఓనరంకుల్. నాటకంలో పెద్దాయన వేషం ఆయనదే. "సచ్చే వేషమైతే నేను చెయ్య సారూ, మా ఇంట్ల ఒప్పుకోరు" అని ముందే షరతు పెట్టారు. నాన్నేమో మూడో రంగం మొదట్లోనే ఆయన్ని చంపేశారు. ఆ సంగతి బయటపడకుండా ఫోల్డరు తన ఒక్కరికే తెరుచుకునేలా నాచేతే పెట్టించుకున్నారు.

సరిగ్గా ఉగాది దగ్గర పడ్డాక కంప్యూటరుకి వైరస్ పట్టింది. కంప్యూటర్లు బాగుచేసే ఫార్మాట్ అన్న వచ్చాడు. (అసలు పేరు ఎవరికీ తెలియదు. మౌసు కదలకపోయినా ఆయన చేసే వైద్యం ఒకటే, ఉన్నదంతా చెరిపేయడం, కాబట్టి ఆ పేరు.) "ఏదీ చెరపకు బాబూ, లోపల నాటకముంది" అని నాన్న బతిమాలితే, పాతదాన్ని అలాగే ఉంచి దాని పక్కన కొత్త విండోస్ ఎక్కించి, "అన్నీ ఉన్నయి సార్, పరేషాన్ గాకుండ్రి" అని వెళ్లిపోయాడు. అన్నీ నిజంగానే ఉన్నాయి. ఫోల్డరూ పసుపుపచ్చగా కళకళలాడుతోంది. నొక్కితే మాత్రం 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంది.

"నా ఇంట్లో, నా కంప్యూటర్లో, నా నాటకానికి నాకు డినైడ్ ఏటే గుంటా?" అని నన్ను నిలదీసి నాన్న కుర్చీలో కూలబడ్డారు. ఫార్మాట్ అన్నకి ఫోన్ చేస్తే, "పర్మిషన్ పోయిందమ్మా. పొద్దుగూకేలోపు వస్తా, ఫార్మాట్ కొడదాం. సాఫ్ అయితది" అన్నాడు. సాఫ్ అయ్యేది మూడో రంగమని నాకు వెంటనే అర్థమైంది. ఆయనొచ్చేలోపే ఏదో ఒకటి చెయ్యాలి.

నెట్ కలిపాను. అప్పట్లో టెలిఫోన్ తీగ మీదే కదా నెట్! పేజీ సగం దిగేసరికి, అమ్మ పిన్నితో మాట్లాడాలని వంటింట్లో ఫోనెత్తింది. తెగిపోయింది. మళ్లీ కలిపాను. "ఇంకా అయిపోలేదేటే?" అంటూ మళ్లీ ఎత్తింది. మూడోసారి రిసీవర్ దగ్గర నాన్నని కాపలా పెట్టి, ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన జవాబు చదివాను. విషయం ఇదీ: పేరు ఒకటే అయినా పాత విండోస్‌లోని నాన్న వేరు, కొత్త విండోస్‌లోని నాన్న వేరు. తాళం పాత నాన్న పేరు మీద ఉంది. ఇదే మాట వివరిస్తే అమ్మ, "నాకు ఇద్దరితోనూ వేగడం కష్టమే" అనేసి లోపలికెళ్లింది.

ఆ తాళం మార్చాలంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలట. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, ఎఫ్8 నొక్కాను. తెర నల్లబడి, బొమ్మలు గుమ్మడికాయలంత అయ్యాయి. "చంపేసినావే దాన్ని!" అని నాన్న పెట్టిన కేకకి ఓనరంకుల్ లుంగీతోనే పైనుంచి పరుగెత్తుకొచ్చారు. ఆయన్ని చూసి నాన్న కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకున్నారు. నేను తల తిప్పకుండా ఫోల్డరు మీద కుడివైపు నొక్కి, సెక్యూరిటీలోకి, అక్కడినుంచి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లాను. ప్రస్తుత ఓనర్ ఎవరో చూపించలేమని ఇంగ్లీషులో వచ్చింది. పైకి చదివాను.

"ఏందమ్మా, ఓనర్ కనపడతలేడా? నేనీడ్నే ఉన్న గదా! జెర నా పేరు పెట్టుండ్రి, ఇల్లు నాదే" అన్నారు అంకుల్.

"ఇల్లు మీదే, నాటకం నాది!" అని నాన్న లేచారు. ఇద్దరి మధ్యలోంచి చెయ్యి పెట్టి కొత్త నాన్నని ఎంచి, లోపలున్న వాటన్నిటికీ ఇదే వర్తిస్తుందన్న గడిలో టిక్కు పెట్టి, ఓకే నొక్కాను. ఫుల్ కంట్రోల్ ఇవ్వమంటావా అని అది అడిగింది. ఇమ్మన్నాను. ఓ ఆకుపచ్చ గీత మెల్లగా పాకింది. తర్వాత ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కితే బుద్ధిగా తెరుచుకుంది, ఆ వెనకే మూడో రంగం తెరమీదికొచ్చింది! నాన్న నా తల రెండు చేతులతో పట్టుకుని, "మా గుంట ఇంజినీరే!" అని వీధి వినేలా అరిచారు.

ఆ సంబరంలో ఎవరూ చూసుకోలేదు, అంకుల్ అప్పటికే కళ్లజోడు పెట్టుకుని చదివేస్తున్నారు. చివరిదాకా చదివి కళ్లజోడు తీశారు. "నన్ను సంపినవ్ సారూ" అన్నారు. నాన్న తలొంచుకున్నారు. "గానీ, సచ్చేటప్పుడు ఇంత మంచి మాటలు ఎవ్వడన్న మాట్లాడతడా? గిది నేనే చేస్త!"

ఫార్మాట్ అన్న సీడీల సంచితో వచ్చేసరికి మేం పకోడీలు తింటున్నాం. తెరుచుకున్న ఫోల్డరు వైపు అనుమానంగా చూసి, "ఎట్ల తెరిసినవ్ చెల్లె?" అన్నాడు. నేర్పాను. (కొంచెం బెట్టు చేశాననుకోండి.) ఆ తర్వాత పికెట్ నుంచీ మారేడుపల్లి నుంచీ తాళం పడిన ఫోల్డర్ల వాళ్లందర్నీ మా ఇంటికే పంపేవాడు.

ఉగాది రోజున అంకుల్ ఎంత తాపీగా చనిపోయారంటే, జనం ఈలలేసి మళ్లీ చావమన్నారు. మళ్లీ చచ్చారు. తెర దించాక నాన్న నన్ను వేదిక మీదికి పిలిచి, "ఈ రంగం మా అమ్మాయి తెరిచింది" అన్నారు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నాదీ కంప్యూటర్ల ఉద్యోగమే. ఆఫీసులో ఏదైనా ఫోల్డరు తెరుచుకోకపోతే అనుమతి ఇప్పించండి మహాప్రభో అని పై వాళ్లకి ఓ విన్నపం పంపి, కాఫీ తెచ్చుకుని కూర్చుంటాను. మొన్న అలా కూర్చున్నప్పుడు, ఎవర్నీ అడక్కుండా, ఏమవుతుందో తెలియకుండా ఓకే నొక్కేసిన ఆ పిల్ల గుర్తొచ్చింది. నాకిప్పుడు తెలిసినదాంట్లో పదోవంతు కూడా దానికి తెలియదు. అయినా, అది నా సీట్లో ఉంటే కాఫీ చల్లారేలోపు ఏదో ఒకటి నొక్కేసి ఉండేదేమో!