దిండు పక్కన రిమోట్ కన్ను

మా ఇంట్లో డిష్ బాక్సు ఒక్కటే. అది హాల్లో అద్దాల బీరువాలో ఉంటుంది. నా భార్య పక్షవాతంతో మంచం పట్టాక, లోపలి గదిలో చిన్న టీవీ పెట్టి అదే బాక్సు నుంచి వైరు లాగించాం. ఆమె అడిగింది మక్కా నుంచి రోజంతా వచ్చే ప్రత్యక్ష ప్రసారం ఒక్కటే. ఇద్దరం హజ్‌కు వెళ్లాలని నియ్యత్ చేసుకున్నాం. ఆలోపే ఆమె కుడివైపు చచ్చుబడింది. "అక్కణ్నుంచి పిలుపు వచ్చేదాకా చూస్తూ ఉంటానండీ" అనేది ముద్దముద్దగా.

గోడ అవతలి బాక్సుకు రిమోట్ అందదు. ఛానల్ మార్చాలంటే ఎవరినో కేకేయాలి. మాట కూడదీసుకుని పిలవడం ఆమెకు నామోషీ. హనుమాన్ జంక్షన్‌లో ఎలక్ట్రికల్ షాపు నడిపే ఆమె తమ్ముడు రిమోట్ ఎక్స్‌టెండర్ తెచ్చాడు. గుండీ అంత నల్లటి కన్ను, దానికో సన్నటి వైరు, వైరు చివర బాక్సు ముఖానికి అతికించే బుల్లి బల్బు. కన్నుకు చూపించి నొక్కితే అవతల బాక్సుకు తెలుస్తుంది. కన్నును టీవీ కింద అతికించి, "ఇక నీదే రాజ్యం, ఆపా" అన్నాడు.

ఆమె నొక్కింది. కాబా కనిపించింది. మరుక్షణమే మొహం చిట్లించింది.

"మంచం తిప్పండి. నా కాళ్లు అటే ఉన్నాయి."

"అది దక్షిణపు గోడ. నమాజుకు నిలబడే కిబ్లా పడమర. టీవీలో బొమ్మకు ఆ నియమం లేదు" అన్నాను.

"మీ మదర్సా చదువు మీ దగ్గరుంచుకోండి. కాళ్లు నావి."

మంచం తిప్పాం. ఆడే ఎడమచెయ్యి టీవీకి ఎదురు గోడ వైపు పడింది. తమ్ముడు నవ్వుకుంటూ కన్నును ఊడదీసి, ఆమె దిండు పక్కన గోడకు అతికించాడు.

అప్పటినుంచి హాల్లో క్రికెట్‌కు భద్రత లేకుండా పోయింది. ఆమె నొక్కితే రెండు టీవీలూ మక్కాకే వెళ్లేవి.

"అమ్మీ! లాస్ట్ ఓవర్!" అని మా అబ్బాయి గోల.

"వాళ్లు రేపూ ఆడతార్రా. కాబా చుట్టూ ఆ తవాఫ్ చూడు, ఎంత బాగుందో!"

నేను మధ్యాహ్నం జుహర్ నమాజు చదివి భోజనానికి వచ్చేసరికి ఆమె ఆ జనంలో ఎవరినో వెతుకుతూ ఉండేది. "ఆ ఆవిణ్ని చూశారా? అచ్చం మా ఉయ్యూరు నడక" అనేది. తెల్లబట్టల ఆ ప్రవాహంలో ఉయ్యూరు నడక ఎలా పోల్చుకునేదో నాకు అంతుబట్టేది కాదు.

వానాకాలంలో ఆమెకు వేరే పిలుపు వచ్చింది. ఎందరి ఇళ్లలోనో పోయినవాళ్ల జనాజా దగ్గర నిలబడి సబర్ గురించి, ఓర్పు గురించి చెప్పినవాణ్ని. అల్లాహ్ నిర్ణయాన్ని ఒప్పుకున్నాను. ఇల్లు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

మొన్న హాల్లో మ్యాచ్ చివరి ఓవర్. మా అబ్బాయి టీవీ చూడకుండా లోపలి గది తలుపు వైపు చూస్తున్నాడు. నేను లేచి వెళ్లి ఆమె మంచం మీద కూర్చున్నాను. కాళ్లు వాటంతటవే టీవీ వైపు నుంచి పక్కకు మడుచుకున్నాయి. రిమోట్ తీసుకుని దిండు పక్కన కన్నుకు చూపించి నొక్కాను.

జనం తిరుగుతున్నారు. ఒక్కొక్క నడకా చూస్తూ కూర్చున్నాను. హాల్లో గోల లేదు. కాసేపటికి మా అబ్బాయి గొంతు వినిపించింది.

"మార్చకండి అబ్బాజాన్. ఉంచండి."