మాటలు ఆగితే కదిలే తీగలు

దైవసహాయం గారు నిద్రలోనే కన్నుమూశారని సోమవారం ఉదయం ఫోన్ వచ్చింది. అప్పుడు మా పాపకి అన్నం పెడుతున్నాను. ముందురోజేగా, ఇక్కడ అమెరికాలో, సన్నీవేల్‌లో మన తెలుగు కుటుంబాల భోజనాలకి వచ్చి, కారులోంచి తన శిల్పాన్ని జాగ్రత్తగా దించుకున్నారు! ఆ దృశ్యం గుర్తొస్తే దుఃఖం కన్నా ముందు సిగ్గు కలుగుతోంది.

పగలు కంపెనీలో సర్క్యూట్లు గీసే ఆయన సాయంత్రాలు గరాజ్‌లో శిల్పి. చెక్క పీఠం మీద నిలబెట్టిన సన్నని ఉక్కు తీగలు, లోపల మైకు, చిన్న మోటార్లు. చుట్టూ మాటలు ఆగితే తీగలు ఊగుతాయి. ఎవరైనా నోరు విప్పితే నిలిచిపోతాయి. “చప్పట్లకి ఆడే బొమ్మలు చాలామంది చేశారమ్మాయ్. ఓపిక పడితే ఆడేది నాకు కావాలి” అనేవారు.

ప్రతి నెలా మన భోజనాలకి దాన్ని తెచ్చి పులిహోర పక్కన పెట్టేవారు. అది ఒక్కసారీ కదలలేదు.

“తెలుగువాళ్లు నోరు మూస్తే కదులుతుందా బాబాయిగారూ? అయితే ప్లగ్ పీకేయండి, కరెంటు దండగ!” అన్నారు మావారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయనా నవ్వారు.

“సైలెంట్‌గా ఉండమని మీరే అనౌన్స్ చేయొచ్చుగా?” అన్నానొకసారి.

“గదమాయిస్తే వచ్చేది భయమమ్మా. భయానికి ఊగడం దీనికి నేర్పలేదు.”

తీగ కంట్లో గుచ్చుకుంటుందని పాపని ఎప్పుడూ వెనక్కి లాగేదాన్ని. ఆయనతో ఏమీ అనలేదు. మరుసటి నెల చూస్తే ప్రతి తీగ కొసా గుండ్రంగా వంచి ఉంది. అయినా నేను పాప చేయి వదల్లేదు.

బుధవారం అదే హాల్లో సంతాపసభ. ఆయన భార్య రూతమ్మ గారు శిల్పాన్ని తెచ్చి ప్లగ్ పెట్టారు. అందరం లేచి తలలు వంచుకుని మౌనంగా నిలబడ్డాం. పాప నా చేయి గుంజింది. తలెత్తాను. ఒక తీగ వణికింది. పక్కది అందుకుంది. కాసేపటికి అన్నీ, గాలి లేని ఆ గదిలో, మెల్లగా ఒకదానివైపు ఒకటి వాలుతున్నాయి. పాప చేయి విడిపించుకుని దగ్గరికి వెళ్లింది. ఈసారి పట్టుకోలేదు.

మౌనం ముగిసినా ఎవరూ కూర్చోలేదు. చివరికి మావారే “బాబాయిగారూ…” అంటూ బావురుమన్నారు. తీగలు ఆగిపోయాయి.

“ఇంట్లో రోజూ ఊగేదే బాబూ,” అన్నారు రూతమ్మ గారు. “మీకు చూపించాలనే మోసుకొచ్చేవారు.”

అలాంటి ఓపిక గల మనిషి మనకిక దొరకరు. ఆయన గురించి ఇంకా చాలా రాయాలనుకున్నాను. కానీ ఆయన మననుంచి కోరింది మాటలు కావు. ఇక్కడ ఆపుతున్నాను.