చేపల తొట్టి వెనక కంప్యూటర్

ఆరేళ్లు ఒకే షట్టర్ కింద నేనూ ఇంకొకాయనా రెండు దుకాణాలు నడిపాం. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల సందు మొదట్లో ఎడమ సగం నా కంప్యూటర్ రిపేరు, కుడి సగం ఆయన చేపల తొట్ల పని. మధ్యలో గోడ లేదు. నా దుమ్ము తన నీళ్లలో పడుతుందని ఆయనకు, తన నీళ్లు నా బోర్డుల మీద పడతాయని నాకు బెంగ. ఆ బెంగతోనే ఒకరి పని ఒకరం చూసి సగం సగం నేర్చుకున్నాం.

ఆయనది తుర్కయంజాల్ దాటాక ఒక పల్లె. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చి అయ్యాక గానీ షట్టర్ దగ్గరికి వచ్చేవాడు కాదు. మాది గుంటూరు వైపు, నాన్న ఉద్యోగం కోసం నా పదో ఏట ఈ ఊరొచ్చాం. మొదటి నెల ఆయన నన్ను మేడం అన్నాడు. తర్వాత చెల్లె అన్నాడు. నాకు తోడబుట్టిన వాళ్లు లేరు, అన్నా అని పిలవడానికి ఈ ఊళ్లో ఉన్నది ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

తెలంగాణ ఉద్యమం రోజులంటే అందరూ ఏవేవో చెబుతారు. నాకు గుర్తొచ్చేది అలసట. షట్టర్ ఎత్తడం, ఎవరో వచ్చి దించమంటే దించడం, మళ్లీ ఎత్తడం. కరెంటు వస్తే పని, పోతే విసనకర్ర. సందు చివర దీక్షా శిబిరం ఉండేది. ఆయన పని మధ్యలో లేచి అక్కడికి వెళ్లి గంట కూర్చుని వచ్చేవాడు. నేను ఏమీ అనేదాన్ని కాదు. ఇంట్లో టీవీ ముందు మా నాన్న అనేది వినడంతోనే నాకు ఓపిక అయిపోయేది.

అలాంటప్పుడు ఎల్.బి.నగర్ నుంచి ఒక పళ్ల డాక్టరమ్మ వచ్చింది. పిల్లల క్లినిక్ కొత్తగా పెడుతోందట. వచ్చిన పిల్లలు భయం మర్చిపోయేలా కౌంటర్ మీద చేపల తొట్టి కావాలి, కౌంటర్ కంప్యూటర్ కూడా అందులోనే ఉండాలి, చేపల వెనక దాని లైట్లు కనబడాలి అంది. అటు ఆయన్నీ ఇటు నన్నూ చూసి, ఇద్దరూ ఒకేచోట దొరికారని మురిసిపోయింది.

ఆమె వెళ్లాక ఆయన నవ్వాడు. "ఏంది చెల్లె, చేపలు గూడ కంప్యూటర్ సదువుకుంటయా?"

"నవ్వకండి అన్నా. వేడెక్కువైతే మీ చేపలే ఉడుకుతాయి."

మూడు వారాలు చేశాం. గాజు పెట్టె ఒకటే, లోపల అడ్డంగా మందపాటి గాజు పలక. ముందు అర నీళ్లకు, వెనక అర కంప్యూటర్‌కు. వెనక అరకు తలుపు, పైన వేడి పోవడానికి ఫ్యాన్లు. రెండు అరల మధ్య కాస్త ఖాళీ వదలకపోతే వేడి నీళ్లలోకి దిగుతుందని నేను, ఖాళీ వదిలితే పలక బలం తగ్గుతుందని ఆయన. మాటల్తో తేలక అట్టముక్కలతో నమూనాలు చేసి పోట్లాడుకున్నాం. ఆ మూడు వారాలూ సంతోషంగా ఉన్నాను. అప్పుడు తెలియలేదు, అలసటే అనుకున్నాను.

తొట్టి నిలబడింది. ముందు అరలో నీళ్లు నింపి పరీక్షకు పెట్టాం. అంతలో మర్నాటి నుంచి బంద్ అన్నారు. బంద్ ముగిసిన మర్నాడే క్లినిక్ ప్రారంభం. ఆ మధ్యాహ్నం ఆయన వెనక అర మూలలన్నిటికీ ఇంకో వరస సిలికాన్ జిగురు దట్టంగా పట్టించాడు. దుకాణమంతా వెనిగర్ సీసా ఒలికినంత పులుపు వాసన.

"రెండు దినాలు ముట్టకు చెల్లె. తలుపు తీసే ఉంచు, గాలాడాలె" అని కండువా వేసుకుని శిబిరానికి పోయాడు.

నాకు ఒళ్లు మండింది. పని ఇంత ముంచుకొస్తుంటే శిబిరమా అనుకున్నాను. జిగురును ముట్టకపోతే చాలు కదా అని మదర్‌బోర్డు బిగించాను. మా పనిలో దుమ్మే శత్రువు. మూత తెరిచి వదిలిపెట్టే అలవాటు నా చేతులకు లేదు. తలుపు వేసి, ఫ్యాన్ల కంతలకు కూడా టేపు అంటించి, షట్టర్ దించి ఇంటికి పోయాను.

రెండు రోజుల బంద్ నాలుగు రోజులైంది, క్లినిక్ ప్రారంభమూ ఆ మేరకు జరిగింది. ఎండలు మండిపోతున్నాయి. ఐదో రోజు ఇద్దరం కలిసే షట్టర్ ఎత్తాం. నేను తలుపు తీసి స్విచ్ వేస్తే బోర్డు ఒక్కసారి మెరిసి చచ్చిపోయింది. చూస్తే వేడిని లాగే రాగి హీట్‌సింక్ మీద, ర్యామ్ కాళ్ల దగ్గర పచ్చటి పొడి. ముందు అరలో నీళ్లు అరంగుళం తగ్గాయి.

"కారింది అన్నా. మీ పలక కారింది."

"కారది." వేలితో మూలమూలా తడిమాడు. ఆ పచ్చపొడిని చూశాడు. వాసన చూశాడు. "తలుపెవరు మూసిన్రు?"

"నేనే. దుమ్ము పడదా మరి?"

ఆయన ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. క్లినిక్ ప్రారంభం నా కళ్ల ముందే పోయింది, ఎవరినో ఒకరిని తిట్టకుండా ఉండలేకపోయాను. "పని చేయాల్సిన చేతుల్తో జెండాలు పట్టుకు తిరిగితే పని ఇలాగే ఏడుస్తుంది" అన్నాను. మా నాన్న మాట అది, అచ్చంగా అదే గొంతుతో నా నోట్లోంచి వచ్చింది.

ఆయన వేలికంటిన పచ్చపొడి తుడుచుకున్నాడు. "గా మాట నా పనిని అన్నవా, నన్ను అన్నవా?" అని అడిగాడు. నేను చచ్చిన బోర్డు మరలు విప్పడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి వెనక అరలోనూ తొట్టి కిందా పాత పేపర్లు పరిచాడు. తొట్టి అంచుదాకా నీళ్లు నింపి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. శిబిరానికి పోలేదు. అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రం పేపర్లు తీసి మడతపెట్టి నా బల్ల మీద ఉంచాడు. ఒక్క చుక్క తడి లేదు. అప్పుడైనా తప్పయిపోయిందని అనాల్సింది. "మొదట్లో కారి తర్వాత ఆగిపోయి ఉంటుందిలెండి" అన్నాను. నేనంటే నాకే అసహ్యం వేసిన మాటల్లో అదొకటి.

ఆ నెలాఖరుకు ఆయన తన సగం ఖాళీ చేశాడు. తుర్కయంజాల్‌లో దుకాణం పెట్టాడని విన్నాను. వేరే బోర్డు బిగించి తొట్టిని ఆలస్యంగా క్లినిక్‌కు చేర్చాను. అది ఈనాటికీ కారలేదు. కుడి సగంలోకి జెరాక్స్ మిషన్ వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. సందులో టపాకాయలు కాల్చారు. తర్వాతి ఎండాకాలం కొత్తపేటలో ఒక అపార్టుమెంటు టెర్రస్ మీద సీసీ కెమెరాల తీగల పెట్టె బిగించాను. వానకు తడవకుండా చుట్టూ సిలికాన్ పట్టించి, అప్పుడే మూత బిగించేశాను. వారానికి కెమెరాలు ఆగిపోయాయంటే పోయి తెరిచాను. పులుపు వాసన గుప్పుమంది. రాగి తీగల మీద పచ్చటి పొడి. ఆ వారమంతా ఒక్క వాన చినుకు లేదు.

టెర్రస్ మెట్ల మీద కూర్చున్నాను. తొట్టి కారలేదు, తగ్గిన నీళ్లు ఎండకు ఆవిరయ్యాయి. ఆరని జిగురు పులుపు ఆవిరి రాగిని తినేసింది. ఆ ఆవిరిని లోపల పెట్టి తలుపు మూసింది నేను. గాలాడాలె అని ఆయన చెప్పాడు కూడా.

మర్నాడు తుర్కయంజాల్ పోయే సాగర్ రోడ్డు బస్సెక్కాను. ఆయన తన దుకాణంలో గాజు కోస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి స్టూలు జరిపాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు మర్చిపోయి గడగడా చెప్పేశాను, వెనిగర్, రాగి, టేపు, మా నాన్న మాట, అన్నీ.

"తెల్సు చెల్లె. తలుపు మూసినవని చెప్పినప్పుడే తెల్సింది. మా తొట్ల మూతలల్ల లైట్ల పిన్నులు గట్లనే పోతయి."

"మరి చెప్పలేదేం అన్నా?"

"జెండా మాటన్నంక నేనేం జెప్పినా సాకు లెక్కనే ఇనపడుతుండె." గాజు మీద పొడి తుడిచాడు. "కారలేదని సూపిచ్చిన. మరెట్ల కరాబైందని నువ్వడుగుతవేమోనని కూసున్న, గా దినమంత."

అలా ఆయన స్టూలు మీద కూర్చున్న రోజంతా నేను ఆయనకు రెండడుగుల దూరంలో, వీపు అటు పెట్టుకుని ఎవరిదో కీబోర్డు శుభ్రం చేశాను.