సత్తెమ్మ చెప్పిన ‘అంట’

ఈ ఉదయం వానకు తడిసిన పేపరును పొయ్యి పక్కన ఆరబెడుతుంటే లేచిన వాసనకు నా చేతులు ఆగిపోయాయి. తడి కాగితం వేడికి ఆరేటప్పుడు వచ్చే ఆ పుల్లటి వాసనకు చాలామంది ముక్కు ముడుచుకుని ఊరుకుంటారు. నాకు మాత్రం రాజమండ్రిలో మా యూనివర్సిటీ లైబ్రరీ వెనక గది, అందులో సుభద్ర మేడమ్ గారు గుర్తొస్తారు. ఆ వెంటనే భయం వేస్తుంది.

ఆ గదిని ఆర్కైవ్స్ అనేవారు. యూనివర్సిటీ పాత రిజిస్టర్లతో పాటు, వరదలో తడిసిపోయాయని గోదావరి మధ్య లంక ఊళ్ళ వాళ్ళు తెచ్చిచ్చిన శుభలేఖలూ, బడి ఫోటోలూ, రేవు వేలం పాట కాగితాలూ ఆవిడ ఒక్కొక్కటే ఆరబెట్టి అట్టపెట్టెల్లో దాచేవారు. ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసుకొచ్చేవారు. వాటిని విని కాగితం మీద పెట్టే కాంట్రాక్టు ఉద్యోగం నాది. కోతలరాయుణ్ణని నాకు అప్పటికే పేరు. నా వల తెంపుకుని పారిపోయిన పులస చేప వెనక్కి తిరిగి నవ్విందని ఇంటర్వ్యూలోనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “ఎవరు చూశారండి?” అన్నారు. “నేనేనండి.” “అయితే, నవ్విందని ఈయన చెప్పారు, అని రాసుకుంటాను,” అంటూ నిజంగానే రాసుకున్నారు.

ఆవిడ రూలు ఒకటే. కళ్ళతో చూసింది వేరు, చెవిన పడింది వేరు. మన భాషలో ఆ తేడా మొత్తం ఒక్క ‘ట’లో ఉంది. వచ్చాడు అంటే చెప్పేవాడు చూశాడు. వచ్చాడట అంటే చూడలేదు. “ఆ ‘ట’ మనది కాదండి, చెప్పినవాళ్ళది. తీసే హక్కు మనకి లేదు,” అనేవారు. నాకది నసగా ఉండేది. కథ చెప్పేవాడికి ‘ట’ అంటే టైరులో మేకు.

ఒక లంక ఊళ్ళో సత్తెమ్మ అనే మత్స్యకారుల పెద్దావిడ, ఎన్నో ఏళ్ళ కిందట తన చెల్లెలు పోయిన పడవ ప్రమాదం గురించి చెప్పింది. ఆ పడవ నడిపిన పోలయ్య ఇప్పటికీ అదే ఊళ్ళో ఉన్నాడు. “ఆవేళ పోలయ్య మావ తాగి పడవెక్కాడంట,” అంది సత్తెమ్మ. నేను “ఆ రోజు పోలయ్య తాగి పడవ ఎక్కాడు” అని రాశాను. వాక్యం ఎంత నిటారుగా నిలబడిందో! మేడమ్ గారు సెలవులో ఉన్నారు, ఎగ్జిబిషన్ ముంచుకొచ్చింది. యూనివర్సిటీ ముద్ర వేసి, పెద్ద అక్షరాలతో గోడకి అంటించేశాను.

మేడమ్ గారు తిరిగొచ్చిన రోజే పోలయ్య కూతురు మంగ వచ్చింది. చేతిలో ఫోను, అందులో నా గోడ కాగితం ఫోటో.

“ఇది రాసిందెవరండి? ఎప్పుడో అణిగిపోయిన మాటండి ఇది. యూనివర్సిటీయే చెప్పిందంటున్నారు అందరూ. మా గుమ్మం ముందు ఒకటే తిట్లు. నిన్న పొద్దున్నించి నాన్న లేడండి. పడవ కూడా లేదు.”

మేడమ్ గారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు విన్నారు. తీసి, “రండి,” అన్నారు.

“నేను రానండి. కొడతారు,” అన్నాను.

“కొడితే అదీ రాసుకుందాం. రండి.”

ఏటిగట్టు మీద ఆటో వెళుతున్నంతసేపూ నేను నీళ్ళకేసే చూశాను. తేలుతున్న ప్రతి గుర్రపుడెక్క ముద్దా మనిషి వీపులా కనిపించింది. నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మంగ నావంక చూసింది; చలేస్తోందని అబద్ధం చెప్పాను. మిట్టమధ్యాహ్నం, ఎండాకాలం.

రేవులో జనం మూగారు. మేడమ్ గారు రికార్డు పెట్టారు. సత్తెమ్మ తన గొంతు తానే విని, గుంపును తోసుకుంటూ నా ముందుకొచ్చింది.

“నేను అంట అన్నాను కదయ్యా! నా అంట ఏం చేశావు?”

పోలయ్యను తిట్టినవాళ్ళే పడవలు తీసి వెతకడానికి కదిలారు. ఎదురు ఇసుకతిప్ప అవతల, కట్టేసిన పడవలో పోలయ్య దొరికాడు, ప్రాణాలతో. ఎంత పిలిచినా దిగలేదు. మేడమ్ గారు చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, “మీరు చెప్పండి. మీ మాటే రాసుకుంటాం,” అన్నారు.

ఆయన పడవ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. “రాసుకోండమ్మా. నేను తాగలేదు. దీనికి మాత్రం అంట తగిలించకండి.”

తిరిగొచ్చాక ఆ కాగితం చింపబోయాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. “చింపితే తప్పు జరగనే లేదన్నట్టవుతుందండి. ఫైల్లో ఉంచి, దాని పక్కన సవరణ పెట్టండి.” సవరణలో “పొరపాటు జరిగింది” అని రాశాను. ఆవిడ కొట్టేశారు. “దానంతటది జరిగిందా?” అన్నారు. “నేను చేశాను” అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ రిటైరై, తర్వాత కొన్నాళ్ళకు పోయారు. ఆ సవరణ కాపీ ఒకటి అప్పటినుంచీ నా జేబులోనే తిరుగుతోంది.

పోయినేడు తణుకు వెళ్ళే బస్సులో పక్క సీటాయనకి గంటసేపు నా కోతలు వినిపించాను. కడుపుబ్బ నవ్వాడు. గోదావరి కనబడగానే తన వంతు కథ ఎత్తుకున్నాడు. “ఇక్కడే ఓ లంకలో పడవ మునిగిందండి. నడిపినోడు తాగున్నాడు.”

నేను అడ్డం తగిలాను. “తాగున్నాడట, అనండి.”

“‘అట’ ఏంటండి బాబూ! యూనివర్సిటీ వాళ్ళే రాశారు. ఫోటో చూశాను నేను.”

“అది రాసింది నేనేనండి. ఆయన తాగడం ఎవరూ చూడలేదండి.”

ఆయన నా తొడ మీద చరిచి పకపకా నవ్వాడు. “భలేవారండీ మీరు, ఎక్కడా తగ్గరు కదా!”

జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పేలోగా బస్సు ఆగింది. ఆయన ఇంకా నవ్వుతూనే దిగిపోయాడు.