కిటికీ అద్దాలు దించమన్న మేడం

మొన్న ఆదివారం పొద్దున సరూర్‌నగర్ రైతుబజారులో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. "మీ మేడం వెళ్ళిపోయిందండీ. నిద్రలోనే," అన్నారు అవతల ఆమె భర్త. బెండకాయల గంప అక్కడే వదిలేసి బండి తీశాను. దారంతా నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఆ మనిషి ఇన్నేళ్ళు ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగి, అడిగిన పని కాకుండానే పోయిందన్న కోపం.

ఎల్బీ నగర్‌లో వ్యాన్లు అమ్మే షోరూం ఒకటి ఉండేది, వెనకాల వర్క్‌షాప్. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో నేనక్కడ సర్వీస్ అడ్వైజర్ని. మేడం వారంటీ సెక్షన్ చూసేవారు. గడువులోపు బండిలో ఏ సామాను పాడైనా విప్పించి, కారణం రాసి, బండ్లు తయారుచేసే కంపెనీకి పంపడం ఆవిడ పని. తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. మాది పోచంపల్లి. నేను ర్యాలీలకు వెళ్ళేవాణ్ణి. సెలవడిగితే, "వెళ్ళండి, మీ తెలంగాణ మీరు తెచ్చుకోండి. వచ్చాక మాత్రం ఆ పైపు సంగతి చూడండి," అనేవారు. బంద్ రోజున బస్సులుండవని దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చి, "నా చెప్పులరిగిన పాపం మీదే," అని నన్ను దెప్పేవారు. హెల్పర్ని కూడా అండీ అనే పిలిచేవారు. ఏ ట్యాక్సీ ఎక్కినా, ఎవరి కారు ఎక్కినా, ఏసీ వేసున్నా సరే, ముందు అద్దం దించేవారు. మొదట్లో మాకు నవ్వొచ్చేది.

ఆ పైపు సంగతేమిటంటే, కొత్తగా వచ్చిన ఒక మోడల్ వ్యాన్లకు సైలెన్సర్ పైపు ఒకే చోట, సరిగ్గా వెనక సీటు కింద పగిలేది. పొగ చివరిదాకా పోకుండా ఆ పగులులోంచి లోపలికి వచ్చేది. అవి ఎక్కువగా బడి పిల్లల వ్యాన్లు. వెనక కూర్చున్న పిల్లలకు తలనొప్పి, వాంతులు. మేం వెల్డింగ్ పెట్టి పంపితే కొన్నాళ్ళకే మళ్ళీ అక్కడే పగిలేది. పైపును పట్టి ఉంచే బిగింపే తప్పు చోట పెట్టారని మేడం తేల్చారు. కంపెనీ కొత్త సామాను చేసి, అమ్మిన బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించి మార్చాలి. వేరే దారి లేదు.

కానీ ఈ మాట ఎవరు నమ్ముతారు? అప్పుడు రోడ్డు మీద ఎక్కడ చూసినా ధర్నా, రాస్తారోకో, కాలుతున్న టైర్లు. వ్యానులో పొగ వాసనొస్తే బయటి టైర్ల పొగే అనుకున్నారు డ్రైవర్లు, తల్లిదండ్రులు, చివరికి మేమూ. అందుకని చేసిన పనేమిటి? పిల్లలకు పొగ తగలకూడదని అద్దాలన్నీ గట్టిగా మూశారు. చేతిలో వాసన చూసుకోవడానికి నిమ్మకాయ పెట్టారు. ఎంత ప్రేమగా చేశారో!

కంపెనీ కూడా అదే పాట పాడింది. మీ ప్రాంతంలో అల్లర్లున్నాయి, బండిలో దోషం లేదు అని జవాబు. మేడం రవాణా ఆఫీసుకు వెళితే నేనూ తోడు వెళ్ళాను. అక్కడి అధికారి మంచివాడే, కుర్చీ వేయించాడు. "బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదమ్మా?" అన్నాడు. ఉంది. ఎందుకుండదు? ఆ పరీక్ష పైపు చివర చేస్తారు. మధ్యలోనే కారిపోయే పొగ చివర ఎక్కడ దొరుకుతుంది? "మరి కంపెనీకి తెలిసిన దోషం ప్రభుత్వానికి చెప్పాలని రూలు లేదాండీ?" అని మేడం అడిగారు. "కంపెనీ తనంతట తాను చెప్తే వింటమమ్మా. చెప్పి తీరాలని అడిగే రూలు నా దగ్గర లేదు," అన్నాడాయన. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డారు మేడం. "లేదన్నాడండీ," అని నాకే మళ్ళీ చెప్పారు, నేను వినలేదేమో అన్నట్టు.

బడంగ్‌పేట నుంచి ఆ మోడల్ బడి వ్యాను తెచ్చే డ్రైవరన్న ఒకతను ఉండేవాడు. అతని కూతురు కూడా అదే వ్యానులో బడికి వెళ్ళేది, వెనక సీట్లో. బండి ఆపేయమని మేడం బతిమాలితే అతను భగ్గుమన్నాడు. "ఏంది మేడం, మా లొల్లి మీకు నచ్చకుంటే గట్ల చెప్పుండ్రి. నా బండి మీద పడుడేంది? బయట టైర్లు కాలవెడుతున్రు, గా పొగనే గిది. బండి ఆపితే నేనెట్ల బతకాలె?"

"పొగ ఆంధ్రావాళ్ళా తెలంగాణావాళ్ళా అని అడిగి లోపలికి రాదన్నా," అన్నారు మేడం. "ధర్నా లేని రోజు చూసి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పండి. అద్దాలు మూసెయ్యండి. నాకేం కాకపోతే మళ్ళీ మీ జోలికి రాను."

అలాగే ఒక ప్రశాంతమైన రోజున విజయవాడ రోడ్డు పట్టాం. రోడ్డు ఖాళీ, ఎక్కడా ఒక్క టైరు కాలడం లేదు. నేను ముందు సీట్లో, ఆవిడ వెనక. పెద్ద అంబర్‌పేట చేరేసరికి మేడం మొహం పాలిపోయింది. తలుపు తీయగానే రోడ్డు పక్కన వంగి వాంతి చేసుకున్నారు. డ్రైవరన్న నీళ్ళ సీసా తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నోరు కడుక్కుని, "ఇవాళ టైర్లేవీ కాలలేదు కదన్నా," అన్నారు. అతను నేల మీద చతికిలబడి, "నా బిడ్డను రోజూ గిండ్లనే కూసోవెడుతున్న మేడం. జర ఏదన్న చెయ్యుండ్రి," అని తల పట్టుకున్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి బండి ఇంటి ముందు నిలిచిపోయింది. కొత్త సామాను వస్తుందని మేడం మాటిచ్చారు. నిజంగానే నమ్మి ఇచ్చారు. రోజూ కంపెనీకి ఫోన్, రోజూ చూస్తామన్న జవాబు. అతను ఎదురుచూసి చూసి, ఫైనాన్సువాళ్ళ పోరు పడలేక, మేడంతో చెప్పకుండా బండిని ఎవరికో అమ్మేశాడు. ఆ కబురు విన్న రోజు మేడం టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేశారు. "అతన్నేం అనలేనండీ. కానీ ఇప్పుడా సీట్లో ఇంకెవరి పిల్ల కూర్చుంటుందో," అన్నారు.

తర్వాత ఆవిడ బడుల గేట్ల ముందు నిలబడి తల్లిదండ్రులకు నేరుగా చెప్పడం మొదలుపెట్టారు. వాసన అలవాటైపోవడమే అసలు జబ్బండీ, అద్దాలు తెరవండి అని. కొందరు విన్నారు. కొందరు ఆవిడ యాస విని మొహం తిప్పుకున్నారు. షోరూం యజమాని ఉద్యోగం మానుకోమన్నాడు. మానేశారు. ఆ తర్వాత కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మోడల్ వ్యాను కనబడితే చాలు, చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి వంగి చూసేవారు. పిచ్చిదనుకున్నవాళ్ళున్నారు.

తెలంగాణ వచ్చింది. మరికొన్నేళ్ళకు, బండ్లలో దోషముంటే కంపెనీ ప్రభుత్వానికి చెప్పి వెనక్కి పిలిపించాలన్న రూలూ వచ్చింది. ఆ రోజు మేడం ఫోన్ చేసి చిన్నపిల్లలా మాట్లాడారు. సాయంత్రం మళ్ళీ చేశారు. "చదివానండీ మొత్తం. పాత బండ్లకు వర్తించదట," అన్నారు. ఇంకేదో అడగబోతే పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేశారు.

దహనం దగ్గరికి డ్రైవరన్న వచ్చాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. కూతురు బాగానే ఉందట, బీఎడ్ చదువుతోందట. చితి వైపు చూసి, "ఆ బండి నేను అమ్మకపోయేదుండె సార్," అని ఒక్కటే మాట అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను తన ఆటోలోనే ఎక్కించుకున్నాడు.

ఎల్బీ నగర్ దగ్గర సిగ్నల్ పడింది. మా ముందు ఒక పాత వ్యాను ఆగింది. అదే మోడల్. పసుపు రంగు మీద తెల్ల రంగు కొట్టారు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పనికి వెళ్ళే ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. డ్రైవరన్న ఆటో అలాగే వదిలేసి పరుగెత్తాడు. "తమ్మీ, అద్దాలు తియ్! అద్దాలు తియ్ తమ్మీ!" స్టీరింగ్ దగ్గరి కుర్రాడు అద్దం కాస్త దించి, "బయట దుమ్ము లేస్తుందన్నా," అని మళ్ళీ ఎత్తేశాడు. పచ్చ లైటు వెలిగింది. వెనక నుంచి హారన్లు. వ్యాను కదిలింది. డ్రైవరన్న పక్కనే పరుగెడుతూ వెనక అద్దాన్ని అరచేత్తో బాదుతూనే ఉన్నాడు. లోపల ఆ అద్దానికి తల ఆనించి పడుకున్న ఒకావిడ కళ్ళు తెరవలేదు.