సరోజ తలనొప్పి

సరోజ బిందెతో మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినగానే ఆమె నోటుపుస్తకం మూసి, కిటికీలో ఎట్లా ఉందో అట్లాగే పెట్టేశాను. నా పుస్తకంలో సిరా ఇంకా ఆరలేదు. వంగి ఊదాను. ఆమె లోపలికొచ్చి బిందె దించి, మందు సీసాలు కడుగుదాం రమ్మంది. వెళ్ళి పక్కనే కూర్చున్నాను. ఏదో తమాషా మాట కూడా చెప్పాను. నవ్వింది.

ఆ అయిదు నిమిషాల పని ఆరేళ్ళుగా మోస్తున్నాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా నోట్లో మాట ఆగదని మా వీధంతా అంటారు, అది నిజం కూడా. పక్కింట్లో పొద్దున గొడవైతే మధ్యాహ్నానికి నాలుగిళ్ళకు చేర్చే మనిషిని. ఈ ఒక్కటి మాత్రం ఆగింది. ఎట్లా ఆగిందో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువనుకున్నాను. సులువుగా లేదు. అయినా చెప్తాను. మధ్యలో ఆపను.

అవి యుద్ధం రోజులు. బెంగుళూరు బళేపేటలో ఒక మేడ మీద మా అయ్యవారు హోమియోపతి చెప్పేవారు. కలకత్తా నుంచి పోస్టులో ఇంగ్లీషు పాఠాలు వచ్చేవి. వాటిని తెలుగూ కన్నడమూ కలిపి మాకు విడమరిచేవారు. మేము రాసిన జవాబులను ఇంగ్లీషులోకి తిప్పి పంపేవారు. చివర పరీక్ష, ప్యాసయితే డిగ్రీ. లోయర్ సెకండరీతో బడి మానిన నాకు ఆ మాట లోపల అనుకుంటేనే ఒళ్ళు వేడెక్కేది. మొత్తం ఆరుగురం చదివేవాళ్ళం. ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ సరోజా.

సరోజది ఆనేకల్. నేతవాళ్ళు. ఈ చదువు కోసమే బెంగుళూరులో మేనమామ ఇంట్లో ఉండేది. వాళ్ళ వీధి ఆడవాళ్ళు మగ డాక్టరుకు నాలుక కూడా చాపి చూపించరనీ, మంచం పట్టేదాకా జబ్బు దాచుకుంటారనీ, తాను తిరిగి వెళ్ళి వాళ్ళకు మందివ్వాలనీ చెప్పేది. ఆ ఒక్క సంగతి మీదే నాలుగు మాటలు మాట్లాడేది. మిగతా వేళల్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని.

పరీక్షకు పేరు పంపాలంటే అయ్యవారిది ఒక షరతు. ప్రతి విద్యార్థీ ఒక మందును ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు తాను తిని చూడాలి. తిన్నాక ఒంట్లో ఏమేం జరుగుతుందో రోజూ రాయాలి. ఎక్కడ నొచ్చింది, ఏ వేళకు, దేనికి తగ్గింది, దేనికి ఎక్కువైంది, అన్నీ. దాన్ని ప్రూవింగు అనేవారు. హోమియోపతిలో మందు గుణం తెలిసేది అట్లాగే. పన్నెండు రోజులకు పన్నెండు పొట్లాలిచ్చారు. కొందరి పొట్లాల్లో మందు వేసిన మాత్రలు, కొందరివాటిలో ఉత్త చక్కెర మాత్రలు. ఎవరికి ఏవో ఆయనకొక్కరికే తెలుసు. చూస్తే అన్నీ ఒకటే, ఆవగింజల్లా తెల్లగా. మొదటి రోజు నుంచీ కాఫీ పనికిరాదు. కాఫీ తాగితే మందు విరిగిపోతుందన్నారు.

ఇదిగో, ఇక్కడ తప్పాను. రెండో రోజు పొద్దున మా అమ్మ డికాక్షన్ దించింది. ఆ వాసన. నేనేం చెయ్యను? తాగేశాను. తాగాక, మందు ఎట్లాగూ విరిగిపోయింది కదా అనిపించింది. చక్కెర రేషను రోజులు. మిగిలిన పొట్లాలన్నీ విప్పి ఆ వారం కాఫీల్లో వేసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నవ్వాల్సిన సంగతేనా ఇది? నిజం చెప్పి మళ్ళీ పొట్లాలు అడిగి ఉండొచ్చు. అయ్యవారు తిట్టేవారు, ఇచ్చేవారు. అంత చిన్న తిట్టుకు భయపడ్డాను.

ఒంట్లో నాకేమీ తెలియలేదు. పుస్తకం ఖాళీగా ఉంటే పేరు పంపరు. సరోజ పుస్తకం మాత్రం నిండుతోంది. మూడో రోజు మధ్యాహ్నం ఎడమ కనుబొమ మీద మేకు దిగగొట్టినట్టు నొప్పి. గుడ్డ బిగించి కట్టుకుంటే నయం. వెలుతురుకు ఎక్కువ. ఆమె చేతిరాత పొందిగ్గా, పోగు పక్కన పోగు పెట్టినట్టుండేది. దాన్ని నా మాటల్లోకి మార్చి ఎక్కించుకున్నాను. చూసి రాసినట్టు తెలియకూడదని ఒక రోజు ముందుకు జరిపాను. ఆమె మూడో రోజు నా పుస్తకంలో రెండో రోజు అయింది. ఎంత తెలివిగా చేశాననుకున్నానో.

పదమూడో రోజు అయ్యవారు అందరి పుస్తకాలూ చదివి, మా ఇద్దరివీ పక్కపక్కన పెట్టారు. మగపిల్లలు నలుగురూ బల్ల మీదే ఉన్నారు. వాళ్ళ ముందే అడిగారు.

"నువ్వు తినింది ఉత్త చక్కెరమ్మా," అన్నారు సరోజతో. "నీ పొట్లాల్లో మందే లేదు. ఉత్త చక్కెరకు తల నొస్తాదా?"

"నాకు నొచ్చింది అయ్యవారూ."

"ఈ పిల్లకు నొచ్చిన చోటే? ఈ పిల్లకు నొచ్చిన మరుసటి దినమే?"

"అది నాకు తెలీదు. నొచ్చింది, రాసినాను."

ఆయన నా వైపు తిరిగారు. "నీ పుస్తకం ఈమెకు చూపించినావా?"

"చూపించలేదు అయ్యవారూ. కిటికీలో పెట్టి ఆపక్కా ఈపక్కా పోతా ఉంటి. ఎవురు చూసినారో నాకేం తెలుసు."

మళ్ళీ చదవండి ఆ మాట. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పుస్తకం కిటికీలో పెట్టేదాన్ని, అటూ ఇటూ తిరిగేదాన్ని. అబద్ధం లేకుండా ఒక మనిషిని దొంగను చెయ్యొచ్చని ఆ రోజే నాకు తెలిసింది. అంత తొందరగా, ముందే సిద్ధం చేసి పెట్టుకున్నట్టు అంత నున్నగా ఆ మాట ఎట్లా వచ్చింది? సిద్ధం చేసుకోలేదు. ఒట్టు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మందున్న పొట్లాలు నావి. చక్కెర తిన్నది ఆమె. నా తారీకు ముందు, ఆమెది వెనక. అయ్యవారు ఇంకెట్లా అనుకుంటారు? రోగి ముందు అబద్ధం రాసే చెయ్యి వైద్యానికి పనికిరాదని సరోజ పుస్తకం తిరిగిచ్చేశారు. రేపట్నుంచి రావద్దన్నారు. సరోజ ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసింది. తాను చూసి రాయలేదని ఆమెకు తెలుసు కదా, మరి రాసింది ఎవరో కూడా తెలిసే ఉంటుంది. అయినా చెప్పలేదు. చెప్తే ఎవరు నమ్ముతారు, ఉత్త చక్కెర తిన్న మనిషిని? మిగిలిన సీసాలు కడిగి, గుడ్డ మీద బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నా పేరు కలకత్తాకు వెళ్ళింది. ప్యాసయ్యాను. ఇంటి ముందు బోర్డు పెట్టాను, ఆడవాళ్ళు వస్తారు. సరోజను మేనమామ ఆనేకల్‌లో దింపి వచ్చాడు, కారణం కూడా అక్కడ చెప్పి వచ్చాడు. ఆ వీధి ఆడవాళ్ళే ఆమెను 'డాక్టరమ్మా' అని ఎగతాళిగా పిలుస్తారని మా నాన్న దుకాణానికి వచ్చే నూలు వ్యాపారి చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

మరి ఆరేళ్ళు ఎట్లా నిద్రపోయాను? ఒక ఊరట పెట్టుకున్నాను. చక్కెరకు తల నొయ్యదు కదా. అంటే సరోజ కూడా ఊహించే రాసింది. ఆమెదీ అబద్ధమే, నాదీ అబద్ధమే, ఇద్దరం సమానం. ఈ లెక్క మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. పోయినేడు అయ్యవారు పోయారు. ఆ కబురు విన్నప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఇక అడిగేవారు లేరనే నిమ్మళం. ఏడుపు తర్వాత వచ్చింది. అది ఎవరి కోసమో ఇప్పటికీ చెప్పలేను.

మొన్న సాయంత్రం కోమలమ్మ వచ్చింది. మా వీధిలో గాజుల అంగడివాళ్ళ కోడలు. కడుపులో మంటకని నాలుగు రోజుల కింద మందిచ్చి, కాఫీ మానమని చెప్పి ఉన్నాను. మూడో రోజు నుంచి ఎడమ కనుబొమ మీద మేకు కొట్టినట్టుందనీ, గుడ్డ కట్టుకుంటేగానీ నిలబడలేకున్నాననీ గొణిగింది. మందు పడలేదేమో, ఆపుదామన్నాను. ఆమె కొంగు ముడి విప్పి పొట్లం చూపించింది. మందు ఇంకా మొదలే పెట్టలేదట, మంచి రోజు చూసుకుని తిందామని. కాఫీ మాత్రం నేను చెప్పిన రోజే మానేసిందట.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కూర్చుండిపోయాను.

కాఫీ మానితే తల నొస్తుందని మా ఇళ్ళల్లో ఎవరికి తెలియదు? మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు, తెలిసీ ఆరేళ్ళు రెంటినీ కలిపి చూసుకోలేదు. పుట్టి కాఫీ ముట్టని మా అయ్యవారికి తెలియదు. మాట విని కాఫీ మానిన సరోజకు నిజంగా నొచ్చింది. ఎక్కడ నొచ్చిందో, ఎప్పుడు నొచ్చిందో ఉన్నదున్నట్టు రాసింది. ఆ ఆరుగురిలో సరిగ్గా చదువుకున్నది ఆమె ఒక్కతే. నేను కాఫీ తాగుతూ ఆమె నొప్పిని తీసుకుని నాదని రాసుకున్నాను. అయ్యవారు దాన్ని తన పెద్ద పుస్తకంలో ఆ మందు గుణంగా ఎక్కించారు. ఆ పుస్తకం చూసి ఎడమ కనుబొమ నొప్పికి ఆ మందిచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరైతే ఆ వాక్యం కొట్టెయ్యండి.

సమానమన్న లెక్క పోయింది. ఇంకేం మిగిలింది నాకు? డిగ్రీ కాగితం చించితే అది ఆమెకు అతుక్కుంటుందా? బోర్డు దించితే ఆమె ఆరేళ్ళు వెనక్కొస్తాయా? బోర్డు సంగతి ఇంకా తేల్చుకోలేదు, అదీ దాచను. ఇది చదివి మా వీధివాళ్ళు నా దగ్గరికి రావడం మానితే మాననీ. ఉత్తరం రాద్దామని కాగితం తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను. ఉత్తరమైతే సరోజ ఒక్కతే చదువుకుంటుంది. ఆ రోజు నేను మాట్లాడింది నలుగురి ముందు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఆనేకల్ వెళ్ళాను. నేతవాళ్ళ వీధిలో పడుగు దారాలు సాచి ఉన్నాయి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. సరోజ మధ్యలో ఉంది, మోచేతులదాకా గంజి. నన్ను చూసి గుర్తుపట్టింది. చెయ్యి ఆపలేదు. పడుగుకు ఇవతల నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. కిటికీ, నోటుపుస్తకం, కాఫీ, ఒక రోజు ముందుకు జరపడం, అయ్యవారికి నేనిచ్చిన జవాబు. కుంచెలు ఒక్కొక్కటే ఆగాయి. సరోజది ఆగలేదు. చెప్పడం అయ్యాక లోపల ఏదో దిగినట్టనిపించింది. ఆమె ఏమంటుందోనని కాదు. నోటి బయటికి వచ్చేసిందని, అంతే.

ఆమె తల ఎత్తకుండా వీధి చివర అరుగు వైపు గడ్డం చూపించింది. అక్కడ ఒక ముసలావిడ నూలు కండెలు చుడుతోంది.

"మా అవ్వకు చెవుడుండాది. ఆమెకూ వినపడాల. గట్టిగా చెప్పు."

గొంతు సవరించుకుని, మొదటినుంచీ మళ్ళీ, గట్టిగా చెప్పాను.