ముందొచ్చింది ముందు పోవాలె

మా చిన్న తమ్ముడు పోయాడు. పొద్దున దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ మోగింది. వాడు పనిచేసే ఆరాంఘర్ దుకాణంలో కౌంటర్ చూసే ఆమె గొంతు. "పెద్దక్కా, సారు కూలవడ్డడు," అన్నది. దవాఖానకు తీసుకుపోతున్నామన్నది. నేను శంషాబాద్ నుంచి ఆటోలో చేరేసరికి దవాఖానలో వాడి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

అక్కాతమ్ముళ్లం ఐదుగురం. నేను పెద్దదాన్ని, వాడు అందరికంటే చిన్నవాడు. వాడి సంగతి మీకు చెప్పాలనిపించింది. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

వాడు దుకాణాల మేనేజర్. ఒక్క దుకాణానికి కాదు. ఇటు షాద్‌నగర్ నుంచి అటు అత్తాపూర్ దాకా ఒక కంపెనీ వాళ్ల చిన్న దుకాణాలన్నీ వాడి కిందే. పాలు, బ్రెడ్డు, ఫోన్ చార్జర్లు, విమానం ఎక్కబోయేవాళ్లు ఇంట్లో మరిచొచ్చిన టూత్‌బ్రష్‌లు అమ్ముతారు. ఏ దుకాణానికి వెళ్లినా ముందు ఫ్రిజ్ తలుపు తీసేవాడు. బర్రె పాలు పిండడానికి కూచున్నట్టు గొంతుక్కూచుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి, వెనకబడ్డ పాత ప్యాకెట్లను ముందుకు లాగేవాడు. కొత్తవి వెనక్కి నెట్టేవాడు. "ముందొచ్చింది ముందు పోవాలె," అనేవాడు. పనివాళ్లు ఆ మాటను వాడి గొంతుతోనే అని నవ్వుకునేవాళ్లట.

మా ఇంటికొచ్చినా అదే పని. పప్పు డబ్బాలు సర్దేవాడు. ఒకసారి దేవుని అరలో అగరుబత్తీలు సర్దుతుంటే, ఇక్కడ కూడా నీ పెత్తనమేనా అన్నాను. "మరి పాతయి ఎన్కవడి వాసన పోతయి గద అక్కా," అన్నాడు. మోకాళ్లు పట్టుకుని లేస్తూ, నీ లెక్కన ఇగ నా వంతే అని నవ్వాను. వాడు నవ్వలేదు.

"గా లెక్క దుకాణంలనే. ఇంట్ల కాదు."

ఆరాంఘర్ దుకాణం మూసేయమని కంపెనీ చెప్పినప్పటి నుంచి వాడు మళ్లీ మనిషి కాలేదు. పై వంతెన వచ్చాక బండ్లన్నీ పైనుంచే పోతున్నాయి, కింద ఆగేవాళ్లు తగ్గారు. అక్కడ పనిచేసేది అంతా ఆడవాళ్లే. చుట్టుపక్కల కిరాయి ఇళ్లలో ఉంటారు, వాడు చేర్చుకున్నవాళ్లే. వాళ్లకు చెప్పలేకపోయాడు. పండుగ దాకా ఆగమని, లేదంటే వాళ్లను వేరే దుకాణాల్లో సర్దుతానని పైవాళ్లను బతిమాలాడు. ఎక్కడా కొత్తగా ఎవర్నీ పెట్టొద్దన్నారు. అన్నం కలుపుకుని కూచున్నవాడు ఫోన్ వస్తే లేచి వెళ్లేవాడు, తిరిగొచ్చి చెయ్యి కడుక్కునేవాడు.

చివరిసారి వచ్చినప్పుడు, ఎన్నడూ మొక్కనివాడు దేవుని ముందు కూచున్నాడు. "అక్కా, జర నీ దేవునికి చెప్పు. ఆ దుకాణం నిలవడాలె," అన్నాడు. మొక్కాను. దుకాణం కోసమే మొక్కాను. వాడు నా పక్కనే ఉన్నాడు కదా.

ఇప్పటికీ దీపం పెడుతున్నాను. ఎందుకు తీసుకెళ్లావని అడగను. వరసలో ముందు నేనుండగా, నన్ను దాటి వాడి దాకా నీ చెయ్యి ఎట్లా పోయింది స్వామీ, అని అడగబోతాను. వత్తి కాలిపోయేదాకా ఊరికే కూచుంటాను.

దినాలు అయ్యాక ఆరాంఘర్ వెళ్లాను. ఆ దుకాణానికి అదే ఆఖరి రోజు. అరల్లోవన్నీ తీసి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. కౌంటర్ చూసే ఆమె మాత్రం ఫ్రిజ్ ముందు గొంతుక్కూచుని, మిగిలిన పాల ప్యాకెట్లను ముందుకు లాగుతోంది. ఇగ కొనేవాళ్లెవరమ్మా అన్నాను.

"ఎర్కే అక్కా. చేతులు ఊకుంటలేవు," అన్నది, ఇటు తిరగకుండానే. ఇంకో ప్యాకెట్ లాగి, "రేపు యాడికి పోవాల్నో తెల్వదు," అన్నది.

ఆమె పక్కన కూలబడ్డాను. మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల చల్లగా ఉంది. వెనక గోడకు ఆనుకుని ఒక ప్యాకెట్ మిగిలింది. తారీఖు చూడలేదు. తెచ్చి ముందు వరసలో పెట్టాను. దాని మీది నీటి చుక్కలు ఒక్కొక్కటే జారుతున్నాయి. బయట, పైన, బండ్లు ఆగకుండా పోతున్నాయి.